దానమ్మ కారు వెనక్కి నడిచిన రోజు

ఏలూరు మిషను కాంపౌండులోని ఆడపిల్లల స్కూలుకు దానమ్మ కుట్టుపని టీచరు. నలభై దాటిన మనిషి, పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. స్కూల్లో పదకొండు కుట్టుమిషన్లుండేవి. వాటిలో ఏది మొరాయించినా విప్పి, నూనె పెట్టి, మళ్లీ బిగించి నడిపించేది ఆవిడే. భర్త నిత్యానందం మాస్టారు మగపిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. మెత్తని మనిషి. యంత్రమన్నది ఏదైనా సరే, ఆయన రెండడుగులు ఎడంగా నిలబడే చూసేవారు. సైకిలును కూడా నడిపించుకుంటూ వెళ్లేవారు తప్ప ఎక్కేవారు కాదు.

1934లో పెద్ద దొరసాని పని విరమించుకుని స్వదేశం వెళ్లిపోతూ తన సామానంతా పంచిపెట్టింది. ఒకరికి బీరువా, ఒకరికి గోడగడియారం. దానమ్మ వంతు వచ్చేసరికి ఆవిడను షెడ్డులోకి తీసుకెళ్లి పాత టార్పాలిన్ ఎత్తి చూపించింది. ఇరవై ఏళ్ల కిందట ఓడలో తెప్పించుకున్న కారు అది. రెండేళ్లుగా కదల్లేదు. వెనకసీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

కావాలా అని దొరసాని అడిగింది. దానమ్మ నేరుగా వెళ్లి బానెట్టు ఎత్తింది. ఇన్ని మరలు ఒక్కచోట ఆవిడ ఎన్నడూ చూడలేదు. పెళ్లినాడు నగలు చూసుకున్నప్పుడు కూడా అంత సంతోషం కలగలేదని ఆ సాయంత్రమే భర్తతో చెప్పేసింది. పెళ్లికొడుకును చూసినప్పుడో అని ఆయన అడగబోయి, ఎందుకైనా మంచిదని ఊరుకున్నారు.

కోడి గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, కాంపౌండులో ఉన్నవాళ్లందరి చేతా తోయించి కారును తన పెరట్లోకి తెచ్చుకుంది. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ఫిట్టరుగా ఉన్న ఆవిడ అన్న తోమా కబురు అందుకుని రైల్లో వచ్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి కింద చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"దీన్ని కోళ్లకే వదిలెయ్ అమ్మాయ్," అన్నాడు.

అన్నాడే గాని, చెల్లెలి ముఖం చూశాక తిరుగు రైలు సంగతి మరిచిపోయి చొక్కా విప్పాడు. రెండు రోజుల్లో అన్నాచెల్లెళ్లు ఇంజన్ను నిలువునా విప్పేసి, ముక్కలన్నీ పెరట్లో చాపల మీద వడియాల్లా పరిచారు. అక్కడితో తోమా సెలవు అయిపోయింది. దానమ్మ, చాపలు మిగిలాయి.

కారుతో పాటు దొరసాని ఒక పుస్తకం ఇచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. రోజూ స్కూలు వదిలాక మాస్టారు పెరటి అరుగు మీద కుర్చీ వేసుకుని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగు చేసేవారు. అలవాటు కొద్దీ పాఠంలాగే చెప్పేవారు. కర్త ఎక్కడుంది, క్రియ ఎక్కడుంది అని మధ్యలో ఆగిపోయేవారు. కారు కింద వెల్లకిలా పడుకున్న దానమ్మ, క్రియ సంగతి తరవాత చూద్దాం గాని ఆ బోల్టు ఎటు తిప్పాలో చెప్పమని బతిమాలేది. అలా వానాకాలం గడిచింది.

అన్నిటికన్నా ఎక్కువగా గేరుపెట్టె దగ్గర పని ఆగింది. అందులో ఇనప పట్టీలు మూడు ఉంటాయి. వాటి లోపలివైపు దళసరి నూలుపట్టీ అతికి ఉంటుంది. పెడలు తొక్కితే అది బిగుసుకుని కారును ముందుకో వెనక్కో నడుపుతుంది, లేదా ఆపుతుంది. ఆ నూలు కాస్తా చివికి పీచయిపోయింది. దానమ్మ ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపింది. ఎండకు పట్టి నేత చూసింది. ఈ నేత తనకు తెలుసుననుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు తలనొప్పిగా ఉందని పెందలాడే ఇంటికి వచ్చి, కాసేపు నడుం వాలుద్దామని మంచం మీద కూర్చోబోయి నేరుగా నేలకు దిగారు. మంచం మీద దుప్పటి ఉంది, తలగడ ఉంది. కింద నవారు లేదు. మంచం కోళ్ల మధ్య, దుప్పటి మూటలో కూర్చుని ఆయన భార్యను పిలిచారు. ఆవిడ నూనె చేతులతో పరుగెత్తుకొచ్చి, దెబ్బ తగిలిందేమోనని ఒళ్లంతా తడిమింది.

"నవారేదీ?" అన్నారాయన.

"కార్లో ఉందండీ."

ఆయన ఖాళీ చట్రాన్నీ, ఆవిడ నూనె చేతుల్నీ మార్చి మార్చి చూశారు. తరవాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఇద్దరూ ఆ మంచం చట్రం పట్టుకుని కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వుతూంటే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. మాస్టారి తలనొప్పి ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు నుంచి భార్యాభర్తలిద్దరూ చాప మీద పడుకున్నారు. దానమ్మ నవారును రెండు పొరలు చేసి, మైనం పట్టించిన దారంతో నాలుగు వరసలు కుట్టి, నూనెలో నానబెట్టి పట్టీలకు బిగించింది.

రేడియేటరు కారుతూంటే గుప్పెడు తవుడు పోసింది. కారడం ఆగింది గాని, నీళ్లు కాగినప్పుడల్లా కుడితి వాసన వేసేది. చక్రాలు చెక్కవి. ఎండకు ఎండి, చువ్వల్లా ఉండే ఆకులు వదులై కటకటలాడుతున్నాయి. ఎడ్లబళ్లకు చక్రాలు చేసే పాపారావు వచ్చి చూసి, బండి చక్రానికి చేసేదే దీనికీ చేద్దామండి అని, నాలుగూ ఊడదీయించి ఏలూరు కాలవలో నానవేశాడు. రెండు రోజులకు కర్ర ఉబ్బి ఆకులు గట్టిపడ్డాయి.

1935 ఫిబ్రవరిలో ఒక శనివారం దానమ్మ సీట్లో కూర్చుంది. ముందు నిలబడి హ్యాండిలు తిప్పడానికి మాస్టారు తప్ప ఎవరూ లేరు. ఆయన ప్రార్థన చేసుకుని, కళ్లు మూసుకుని తిప్పారు. పందొమ్మిదో తిప్పుడుకు పొగ గుప్పుమంది, బానెట్టు వణికింది, ఇంజను అందుకుంది. మాస్టారు నూతి దాకా పరుగెత్తి అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చూశారు. దానమ్మ కాంపౌండు చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ఆపడం తెలియక కాదు, ఆపబుద్ధి కాలేదు. దారిలో కట్టేసిన గేదెలు కుడితి వాసనకు లేచి నిలబడ్డాయి.

ఇది ఇలా ఉండగా, కొల్లేటి అంచున ఒక లంకలో కొత్త ప్రార్థనగుడి ప్రతిష్ఠ వచ్చింది. పాటలు పాడడానికి ఏలూరు నుంచి దానమ్మనూ, మరో ముగ్గురు ఆడవాళ్లనూ పిలిచారు. మే నెల, తెల్లవారుతూనే బయల్దేరారు. ముందు దానమ్మ, పక్కన పుస్తకంతో మాస్టారు. వెనక సరోజ, యేసమ్మ, రాజ్యం, వాళ్ల ఒళ్లో హార్మణీ. చూద్దామని గూడెం నుంచి వచ్చిన తోమా ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.

గట్టు దాకా హాయిగా వెళ్లారు. లంకకు పోవాలంటే ఆ గట్టు ఎక్కాలి. నిలువు ఎక్కుడు. సగం ఎక్కేసరికి ఇంజను దగ్గి ఆగిపోయింది, కారు మెల్లగా కిందికి జారింది. రెండోసారీ అంతే. మూడోసారి అందరూ దిగి తోశారు. అప్పుడూ అంతే. టాంకులో పెట్రోలు ఉందని తోమా పుల్ల ముంచి మరీ చూపించాడు. మాస్టారు చెట్టు లేని ఆ ఎండలో నిలబడి పుస్తకం తిప్పుతూనే ఉన్నారు. చివరికి ఒకచోట వేలు పెట్టారు.

"టాంకు మన సీటు కింద ఉంది కదా. ఎక్కుడు నిలువుగా ఉంటే ఇంజను దానికన్నా ఎత్తయిపోతుంది, పెట్రోలు అందదు. కారును తిప్పి వెనక్కి ఎక్కించమన్నాడు."

"పుస్తకంలో అలా ఎవరైనా రాస్తారాండీ బావగారూ?"

"కర్త, క్రియ రెండూ చూశాను తోమా," అన్నారు మాస్టారు.

దానమ్మ కారు తిప్పి, అందరినీ ఎక్కించుకుని, వెనక్కి నడిపే పెడలు తొక్కింది. కారు గునగునా గట్టు ఎక్కేసింది. పైకి వచ్చాక తెలిసింది, గట్టు వెడల్పు ఒక్క బండికే సరిపోతుందని. ఒక పక్క కొల్లేరు, ఒక పక్క చేలు. తిప్పే చోటు లేదు. ఊరు ఇంకా మైలు ఉంది. దానమ్మ భర్త ముఖం చూసింది, తరవాత వెనక ఉన్న దారి చూసింది. పెడలు మీంచి కాలు తియ్యలేదు.

మాస్టారు సీటు మీద మోకాళ్లేసి వెనక్కి తిరిగి దారి చెప్పసాగారు. ఆయన కుడి ఆవిడకు ఎడమై తికమక అవుతూంటే, "కొల్లేటి వైపు, ఇప్పుడు చేల వైపు," అని చెప్పడం కనిపెట్టారు. వెనకసీటు ఆడవాళ్లు మాత్రం ముఖాలు ఏలూరు వైపు పెట్టుకుని ఊరికి వెళ్తున్నారు. రాజ్యం మొదట భయంతో కీర్తన ఎత్తుకుంది. రెండో చరణానికి సరోజకు నవ్వు వచ్చింది. మూడో చరణానికి ఎవరికీ పాట మిగల్లేదు. కొంగలు బారులు బారులుగా లేచాయి. నీళ్లలో దోనె మీద వల వేస్తున్న ఒకాయన వల వదిలేసి కాసేపు కారు పక్కనే తెడ్డు వేశాడు.

"వస్తున్నారాండీ, వెళ్తున్నారాండీ?" అని అడిగాడు.

"వస్తున్నామండీ," అన్నారు మాస్టారు ఎంతో మర్యాదగా.

ఊరి మొదట్లో సంఘపెద్ద ఎలీయాజరు పదిమందితో, దండలతో ఎదురు చూస్తున్నాడు. దూరం నుంచి కారు వీపు కనిపించింది. ఏదో లోటు జరిగి అతిథులు అలిగి వెళ్లిపోతున్నారనుకుని, ఆగమని చేతులూపుతూ అందరూ పరుగెత్తారు. వాళ్లిటు పరుగెత్తుతున్నారు, కారటు వస్తోంది. ఇరుపక్షాలూ అనుకున్నదానికన్నా చాలా ముందే కలుసుకునేలా ఉన్నారు. మాస్టారు కొల్లేరూ చేలూ రెండూ మరిచిపోయి నోరు తెరిచారు. దానమ్మ బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. నవారు పట్టింది. పెద్దాయనకు జానెడు దూరంలో కారు ఆగింది. ఆయన దండ ఎవరికి వేయాలో తెలియక, తనకు దగ్గరగా ఉన్న కారు వెనకభాగానికే వేశాడు.

ఆ రోజు పాట ఆలస్యమైంది గాని బ్రహ్మాండంగా వచ్చింది. పాడుతూ పాడుతూ ఒకరినొకరు చూసుకోకూడదని ఆడవాళ్లు నలుగురూ ముందే ఒట్టు పెట్టుకున్నారు. మైలు పొడుగునా పెడలు తొక్కిన దానమ్మ కాలు నిలబడితే వణుకుతోంది, పెదవులు మూస్తే నవ్వు తన్నుకొస్తోంది. తిరుగు ప్రయాణానికి కారు ముఖం చక్కగా ఇంటి వైపే ఉంది. సగం ఊరు గట్టు చివరిదాకా వెంట నడిచి సాగనంపింది.

ఆ తరవాత నాలుగేళ్లు దానమ్మ ఆ కారును నడిపింది. ఏటా ఎండలు ముదరగానే చక్రాలు కాలవలో నానేవి, ఏటా ఒక మంచం నవారు ఖర్చయ్యేది. ఆడవాళ్లను కాన్పులకు ఆస్పత్రికి చేర్చింది, పెళ్లికూతుళ్లను దింపింది, ఒకసారి చింతలపూడి దాకా వెళ్లి వచ్చింది. 1939 వేసవిలో తోమా దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గూడెంలో ఒక పాత షెడ్డులో ఇంకో కారు ఉందని, అది దీనికన్నా అధ్వాన్నమని రాశాడు. మాస్టారు స్టేషన్లో టిక్కెట్లు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి, దానమ్మ బోల్టులు విప్పే పానాల సంచితో రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని ఆయన్ను త్వరగా రమ్మని చెయ్యి ఊపుతోంది.