ఎదురుచూసుడుకు మూడు మాటలు

పెండ్లయి గోదావరిఖనికి వచ్చిన ఏడాదే, ప్రైవేటుగ మెట్రిక్ కడతనని నేను పట్టుబట్టిన. మా ఆయన బొగ్గుబాయిల ఫస్టు షిఫ్టు. ఆయన డ్యూటీకి పోయినంక అక్క అన్నట్టు నేను ఆపా అని పిలిచే పక్క క్వార్టరామె దగ్గర ఇంగ్లీషు చదువుకునేదాన్ని. పెండ్లికి ముందు ఆమె పంతులమ్మగ చేసిందట. ఇంట్ల దక్కనీ మాట్లాడినా తెలుగు సాఫ్‌గ వచ్చేది.

నన్ను తిప్పలు పెట్టినయి మూడు క్రియలు: వెయిట్, ఎక్స్‌పెక్ట్, హోప్. మూడింటికీ నేను ‘ఎదురుచూసుడు’ అనే రాసేదాన్ని. ఆపా కొట్టేసేది.

“గట్ల కాదు బిడ్డా. బస్సు కోసం స్టాండుల నిలబడుడు వెయిట్. టైముకు వస్తదని మనకు గురి ఉంటె అది ఎక్స్‌పెక్ట్. వస్తదో రాదో తెల్వకున్నా, రావాలె అని కోరుకుంటె హోప్.”

“అన్నీ వచ్చేదాంక ఆగుడే గద ఆపా!”

“ఆగుడు కాళ్ల పని,” అని నవ్వింది. “కడమ రెండు లోపలియి.”

వానకాలంల ఒక పగటిపూట బాయి మీద సైరన్ మోగింది. షిఫ్టు మారే టైము కాదు. లోపల కప్పు కూలిందని వాడంత ఎరుకైంది. నేను, మా అత్తమ్మ చెప్పుల్లేకుంటనే ఉరికినం. గేటు కాడ ఆడోళ్లు అప్పటికే గుమిగూడిన్రు. ఎవరేం అడిగినా “తీస్తున్నరు, తీస్తున్నరు” అనే జవాబు.

కొంతసేపటికి అత్తమ్మ కొంగు బిగించుకుని, “నేను ఇంటికి పోతున్న” అన్నది.

“ఇప్పుడా? ఎందుకత్తా?”

“అన్నం వండాలె. వాడు ఆకలి మీద వస్తడు.”

నాకు మస్తు కోపమొచ్చింది. కొడుకు భూమిల ఉంటె పొయ్యి ముట్టించుడేంది? ఆమె వెనక్కి చూడకుంట పోయింది.

పొద్దుగూకంగ మా ఆయన ఇద్దరి భుజాలు పట్టుకుని పైకి వచ్చిండు. మోకాలు చితికింది గని పానం దక్కింది. ఆయనకు జోడీగ పనిచేసేటాయన, మేము కాక అని పిలిచేది, లోపలనే పోయిండు. ఒక ఆఫీసరు వచ్చి ఆ మాట కాక పెండ్లానికి చెప్పిండు. ఆమె తలూపింది. ఏడ్వలేదు. మేము దవాఖానకు బయలెల్లుతుంటె చూసిన: పైకి వచ్చేటోళ్ల మొఖాలు ఒక్కొక్కటి చూసుకుంట గేటు కాడ అట్లనే నిలబడ్డది. గురి లేదు, ఆశ లేదు, కాళ్లు మాత్రం కదుల్తలేవు.

అత్తమ్మ వేడన్నం గిన్నె పట్టుకుని దవాఖానకే వచ్చింది. కొడుకు నోట్ల మొదటి ముద్ద ఆమెనే పెట్టింది. బియ్యం కడుగుతున్నప్పుడు ఆమె మనసుల ఉన్నది గురినో, ఉత్త ఆశనో నాకు ఈనాటికీ తెల్వది.

కొన్నాళ్లకు కాక పెండ్లానికి దవాఖానల నీళ్లు పోసే కొలువు దొరికింది. మోకాలు చూపించుకునేతందుకు మేము పోయినప్పుడల్లా బిందె దించి మా ఆయన పక్కన కూసునేది.

“ఆ పొద్దు మీ కాక ఏం మాట్లాడిండు కొడుకా?”

మా ఆయన ప్రతిసారి ఒక కొత్త మాట చెప్పేటోడు. ఒకనాడు ఆమె చేసిన పచ్చిపులుసు గురించి, ఒకనాడు ఇంటి ముందట పెట్టిన జామచెట్టు గురించి. ఆమె మొత్తం విని, బిందె చంకకెత్తుకుని పోయేది.