మూడో పిలుపు

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. మనిషి కనపడకుండా గొంతు మాత్రమే వినపడితే, మూడోసారి పిలిచేదాకా ఎవరూ పలకకూడదు. అది అవ్వ పెట్టిన కట్టడి. "మూడు తూర్లు పిలిస్తేనే మనిషి. ఒక తూరి పిలిచి ఊరుకునేది మనిషి కాదు, పలకబాక" అనేది.

దానికి కారణం మా నాయన. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం నాయన అన్నం తింటుంటే బయటినుంచి ఎవరో పేరుపెట్టి పిలిచారు. ఒక్కసారే. "ఆ, వస్తా ఉండా" అంటూ నాయన ఎంగిలిచేత్తోనే లేచి వెళ్లాడు. వీధిలో ఎవరూ లేరు. తిరిగొచ్చి మిగిలిన అన్నం తిన్నాడు. మర్నాడు పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. దారిన పోయేవాళ్లెవరో అదే పేరున్న ఇంకొకరిని పిలిచి ఉంటారని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ గొంతు నేనూ విన్నాను. అది మా వీధిలో ఎవరి గొంతూ కాదు.

అమ్మ అంతకుముందే పోయింది కాబట్టి నన్ను అవ్వే పెంచింది. నర్సింగ్ చదివి ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. రోగులు "సిస్టర్" అని పిలిస్తే పలకను. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి ముఖం చూశాకే నోరు తెరుస్తాను. "ఏంది సిస్టర్, దెయ్యం మాదిరి సడీసప్పుడు లేకుండా వచ్చి నిలబడతావు" అని వార్డు ఊడ్చే ఆయమ్మ కసురుకునేది. దెయ్యాలకు జడిసేదాన్ని పట్టుకుని దెయ్యమంటుందే అని నాకు నవ్వొచ్చేది.

అవ్వ పోయాక ఆ నవ్వు కూడా పోయింది. ఉదయగిరిలో మా ఇల్లు తాళం వేసి ఉంటుంది. ఆదివారాలు వెళ్లి ఊడ్చి, దీపం పెట్టి, చివరి బస్సుకు తిరిగొస్తాను. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నా చెవులు లోపలి గదివైపే ఉంటాయి. అవ్వ పిలుస్తుందేమో, అదీ ఒక్కసారే పిలుస్తుందేమో అని. అది భయమో ఆశో నాకు తెలియదు. ఊడుస్తున్న చీపురు చప్పుడుకి ఏదైనా వినపడకుండా పోతుందేమోనని మధ్యమధ్యలో ఆగి నిలబడతాను.

అలాంటి రోజుల్లోనే జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి నర్సులను తీసుకుంటున్నారని తెలిసింది. ఫోన్‌లో మాట్లాడించి ఎంపిక చేస్తారట. మాట్లాడటం వస్తే చాలు, రాయడం తర్వాత నేర్పుతారట. ఎవరికి చెప్పినా జీతమెంత అని అడిగారు. నాకు కావలసింది జీతం కాదు. నన్ను పేరుపెట్టి పిలవగల చచ్చినవాళ్లు లేని చోటు కావాలి. సముద్రాలు దాటి అవ్వ రాగలదా అనుకున్నాను.

నెల్లూరు వెళ్లి క్లాసులో చేరే తీరికా లేదు, స్తోమతా లేదు. ఆదివారం బస్సులో చెవిలో పెట్టుకుని వినే పాఠాలే గతి. మొదట ఊరికే వచ్చేదొకటి విన్నాను. ఒకాయన జపాన్ రైళ్ల గురించీ భోజనాల గురించీ ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటూ పోయాడే తప్ప, నా నోటికి ఒక్క జపాన్ మాట పట్టించలేదు. ఉచితం కదా, తిట్టడానికి కూడా లేదు.

తర్వాతది నెలనెలా డబ్బు కట్టేది. ముందు వినిచూడమని కొన్ని పాఠాలు ఇచ్చారు. నిజానికి అదే మంచిది. మనుషులు మామూలుగా మాట్లాడుకునే వేగంలో ఉంటుంది, ప్రశ్న అడిగి మనం జవాబు చెప్పడానికి కాస్త ఖాళీ వదులుతారు. నా తంటా అంతా ఆ ఖాళీతోనే. కనపడని ఆడమనిషి ఒక్కసారి పలికి ఊరుకుంటే నా దవడలు బిగుసుకుపోయేవి. జవాబు తెలిసి కూడా బస్సు కిటికీ చువ్వ పట్టుకుని కూర్చునేదాన్ని. పైగా కొండలు దగ్గరపడేకొద్దీ సిగ్నల్ పోయి ఆమె గొంతు మాట మధ్యలో ఆగిపోయేది. అప్పుడు ఇంకా భయం.

చివరికి దొరికినవి పాతకాలపు పాఠాలు. ఒకసారి కొని ఫోన్‌లోకి దించుకుంటే ఇక సిగ్నల్‌తో పనిలేదు. రికార్డింగ్ వెనక ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది. కానీ అందులో పాఠం చెప్పే పెద్దావిడ ప్రతి ప్రశ్ననూ మూడుసార్లు అడుగుతుంది, మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, మళ్లీ ఇంకోసారి. మూడోసారి పూర్తవగానే నా నోట్లోంచి జవాబు దానంతటదే వచ్చింది. పక్క సీటామె తిరిగి చూసింది. "చవకని కొన్నావా?" అని తోటి నర్సు అడిగితే అవునన్నాను. ఇంకేం చెప్పను?

కొన్ని నెలలకు ఇంటర్వ్యూ వచ్చింది. వీడియో నిలవక గొంతు మాత్రమే మిగిలింది. "మోషి మోషి" అంది అవతల జపాన్ ఆవిడ. వాళ్ల హలో అది. నేను పలకలేదు. మళ్లీ "మోషి మోషి" అంది. మూడోసారి కోసం ఆగాను. లైను తెగిందనుకుని ఆమె పెట్టేసింది.

"నోట్లో ఏం పెట్టుకోనుండావు తల్లీ?" అని జపాన్ పనికి మనుషులను పంపే నెల్లూరు ఏజెంటు కేకలేశాడు. తిట్టినవాడే బతిమాలి ఇంకో అవకాశం ఇప్పించాడు. ఆదివారం సాయంత్రమన్నారు.

ఆ ఆదివారం ఉదయగిరి బస్సులో ఫోన్ మాటల పాఠం విన్నాను. పెద్దావిడ నవ్వుతూ చెబుతోంది. దెయ్యాలు 'మోషి' అని ఒక్కసారే అనగలవని వాళ్ల వెనకటివాళ్లలో కొందరు నమ్మేవారట. అందుకే పిలిచేది మనిషేనని తెలిసేలా రెండుసార్లు అంటారట. అంతదూరంలోనూ ఒక అవ్వ ఉంది, ఒక కట్టడి ఉంది, ఒక్కసారి పిలిచి ఊరుకునేవాళ్లు ఉన్నారు. ఇక పారిపోవడానికి చోటు లేదు. ముందు కోపం వచ్చింది. ఇల్లు చేరేసరికి ఎందుకో ఆ కోపం చల్లారి, ఒంటరితనం కాస్త తగ్గినట్టు అనిపించింది.

దొడ్డిగోడ దగ్గర సిగ్నల్ దొరుకుతుంది. అక్కడే నిలబడి ఫోన్ ఎత్తాను. "మోషి మోషి." రెండుసార్లు అంది కదా, మనిషే. "హై" అన్నాను, వాళ్ల 'ఆ' అది. ఊరు, చదువు, వంట అన్నీ అడిగింది, అన్నిటికీ చెప్పాను. చివర్లో గొంతు మార్చి మెల్లగా అడిగింది. "పోయినసారి నేను పిలిస్తే నువ్వు పలకలేదు, ఇక్కడ ముసలివాళ్లు పిలిచినా అలాగే ఉంటావా?"

అవ్వ చివరి రోజులు మా ఆసుపత్రిలోనే, తెర వెనక మంచం మీద గడిచాయి. మంచినీళ్లు కావాలన్నా నన్ను మూడుసార్లూ పిలిచేది. ఒక్క పిలుపుకే రొప్పు వచ్చేది. ఆగి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ పిలిచేది. మొదటి పిలుపుకే నేను వస్తూ ఉన్నా, తెర తీసేదాకా ఆపేది కాదు. "ఒక తూరి పిలిస్తే చాలు గదా అవ్వా" అంటే, "నువ్వు బయపడతావే" అనేది. ఆఖరి రోజు మూడో పిలుపులో గొంతు లేదు, గాలి ఒక్కటే వచ్చింది.

"ఇక్కాయ్ దే ఇకిమాస్" అన్నాను ఫోన్‌లో. ఒక్కసారి పిలిస్తే వస్తాను. ఏ పాఠంలోనూ లేని వాక్యం అది, నేనే కూర్చుకున్నాను. ఆమె సరేనంది. తీసుకున్నామని తర్వాత కబురొచ్చింది.

ఆ సాయంత్రం ఫోన్ పెట్టేశాక దీపం పెట్టి లోపలి గది గుమ్మంలో కూర్చున్నాను. "ఒక తూరే పిలువు అవ్వా, పలుకుతా" అని పైకే అన్నాను. బయట చీకటి పడింది. చివరి బస్సుకు వేళయ్యేదాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. పిలిస్తే పలుకుతానని అవ్వకు తెలుసు. అందుకే పిలవలేదు.