పుండుకు తెచ్చిన మందు

దర్జీ కుడికాలి బొటనవేలికి పుండు పడింది. చక్కెర జబ్బున్న ఒంటికి పుండు మానడం గగనమని అందరికీ తెలుసు, ఆయన మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరు "ఈసారి మానకపోతే వేలు తీసేయాల్సిందే" అని ఒక జెల్ రాసిచ్చాడు.

కట్టుకట్టే నర్సుకు కబుర్లంటే ప్రాణం. "కడుపులో పిండానికి కాళ్ళూ చేతులూ వచ్చేది ఈ జెల్‌లో ఉన్నటువంటి వృద్ధి కారకాల వల్లేనండీ. ఒక కణం పక్క కణానికి కబురు పెడుతుంది, ఎదగమని, ఇటు రమ్మని, చర్మంగా మారమని. మీ పుండులో ఆ కబురు అందట్లేదు. అందుకే బయటినుంచి పంపుతున్నాం."

దర్జీ ఇంటికొచ్చి ఇదంతా భార్యకు ఒప్పజెప్పాడు. పక్కనే బావమరిది అన్నం తింటున్నాడు. అతనికి ముప్పై నిండకుండానే బట్టతల. పై వారం ఒక అమ్మాయిని చూడటానికి వెళ్ళాలి. ఎదగమని అన్నచోట అతని ముద్ద నోటి దగ్గరే ఆగింది.

నాలుగు రోజులకే ఫ్రిజ్‌లో ట్యూబు ఖాళీ. బావమరిది నెత్తి మామూలుకన్నా మెరుస్తోంది.

"నెత్తికి రాశావట్రా?"

"పెంచే మందే కదా బావా!"

"పెరిగిందా?"

"చల్లగా ఉంది."

సంగతి విన్న నర్సు నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "ఒక్కో చోటికి ఒక్కో కబురండీ. ఇది జుట్టుకు రాసిన ఉత్తరం కాదు. కొత్త ట్యూబు వచ్చేదాకా ఆ కాలు మోపకండి, మిషను అసలు తొక్కకండి."

వేలు పోతుందని దర్జీకి నిజంగా భయం వేసింది. ఆ ముక్క చెప్పడం చేతకాక ఇంటికొచ్చి భార్య మీద కేకలేశాడు. "నీ తమ్ముడు ఉత్త వెధవ!"

"వెధవే. కాళ్ళు మాత్రం గట్టివి," అందామె. "రేపట్నుంచి వాడే తొక్కుతాడు."

మర్నాటినుంచి ఒకే మిషను దగ్గర ఇద్దరు. బట్ట నడిపేది బావ, తొక్కేది బావమరిది. ఆపమంటే తొక్కాడు, తొక్కమంటే ఆపాడు; ఒక చొక్కా చెయ్యి మెడకు కుట్టుకుపోయింది. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి ఏం పనిచేస్తారని అడిగితే "మా బావకు కాలుగా ఉన్నానండీ" అన్నాడట. ఆమె నవ్విందట. ఆ తర్వాత అటునుంచి మాటాపలుకూ లేదు.

కొత్త ట్యూబు వచ్చింది. నెలలు గడిచాక పుండు అంచున గులాబీరంగు కండ వేసింది, ఆపైన చర్మం మూసుకుంది. వేలు దక్కింది.

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు దర్జీ.

"సరే బావా."

మర్నాడు దర్జీ తన కాళ్ళతోనే తొక్కాడు. కుట్టు తిన్నగానే పడింది. తిట్టడానికి మాత్రం ఎదురుగా మనిషి లేడు. కొట్టంతా బోసిగా, దిగులుగా అనిపించింది.

మధ్యాహ్నానికి భార్యతో అన్నాడు. "కాలు కొంచెం లాగుతోంది. వాణ్ణి రమ్మను."