బాగానే ఉన్నామండీ

మొన్న ఏలూరులో మా గుమ్మం ముందు ట్యాబు పట్టుకుని నిలబడ్డ సర్వే అమ్మాయి, ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం ఉందా అండీ అని అడిగితే, మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని నిలబడి కూడా, ఏం లేదమ్మా, బాగానే ఉన్నాం అనేశాను. ఉద్యోగమంతా ఆ జవాబుతోనే కుస్తీ పట్టినదాన్ని, చివరికి నా నోటే అది వచ్చింది చూడండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ, కొల్లేటి ఊళ్ళలో జబ్బు చేస్తే సంసారం ఎంత చితికిపోతుందన్న దాని మీద పీహెచ్‌డీ పరిశోధనకు దిగాను. అమ్మ వైద్యంతో మా ఇల్లు ఎలా గుల్లయిందో చూసినదాన్ని కనుక, నాకదొక పంతం. సెలవు దొరికితే చాలు బస్సెక్కి, కలిదిండి అవతల పిన్నివాళ్ళ ఊరు చేరి, చేపల చెరువుల గట్ల వెంట ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఎవరిని అడిగినా దేవుడి దయవల్ల బాగానే ఉన్నామండీ అనేవారు. గుమ్మంలోకొచ్చిన కొత్తమనిషికి ఇంటి బాధ చెప్పుకోవడం మర్యాద కాదు మరి. మా గైడుగారు కాగితాలు తిరగేసి, జబ్బులే లేని ఊళ్ళో జబ్బుల ఖర్చేమిటమ్మా, హాయిగా పెంటపాడు వరిసాగు మీద రాసుకో అన్నారు. ఒళ్ళు మండి, కాగితాలు తీసుకుని మళ్ళీ పిన్నివాళ్ళ ఊరి బస్సెక్కాను.

ఆ శుక్రవారం పిన్ని నన్ను చర్చిలో స్త్రీల కూడికకు తీసుకెళ్ళింది. ప్రార్థన మనవులు చెప్పమనగానే, పొద్దున నాతో బాగానే ఉన్నామన్న ఆవిడే లేచి, "మా ఆయనకి నెల్లాళ్ళుగా జ్వరం తగ్గట్లేదండీ, పనిలోకి వెళ్ళట్లేదు, ప్రార్థన చెయ్యండి" అంది. ఆ వెనకే ఒకరి తర్వాత ఒకరు లేచారు. తల వంచుకుని వింటుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఈ సంగతి చెబితే, అక్కడ విన్నదంతా రాసెయ్యమన్నారు గైడుగారు. దేవుడికి చెప్పుకున్నది నేనెలా రాస్తానండీ అని, మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి అరుగు మీద కూర్చుని, ముందు మా అమ్మ జబ్బు సంగతి చెప్పేదాన్ని. వాళ్ళు చేతిలో పని పక్కన పెట్టి, అయ్యో అంటూ తమది మొదలుపెట్టేవారు. రాసుకోమంటేనే రాసుకున్నాను. రెండేళ్ళలో అవుతుందనుకున్నది నాలుగేళ్ళు పట్టింది గాని, పట్టా వచ్చింది, ప్రజారోగ్యం పాఠాలు చెప్పే ఉద్యోగమూ వచ్చింది. ముందు కూర్చోండి, తర్వాత అడగండి అని ఏటేటా చెప్పీ చెప్పీ పిల్లలకు విసుగు పుట్టించాను.

ఇప్పటి పిల్లలకు కూర్చునే తీరిక ఎవరూ ఇవ్వడం లేదు. ఆ అమ్మాయిని పిలిచి, కాస్త మజ్జిగ తాగి నా మాట మళ్ళీ రాసుకోమందామనుకునేలోగా పక్కింటికి వెళ్ళిపోయింది. బాగానే ఉన్నామమ్మా అంటున్న పక్కింటావిడ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. పోయిన ఆదివారం చర్చిలో ఆవిడ గుండె కోసమే మేమంతా ప్రార్థన చేశాం.