మొహమాటం లేని సుందరరావు మాస్టారు

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే ముందు ఓ లోన్ యాప్ ప్రకటన. దాన్ని ఎక్కడ మూయాలో వెతికి మూశాక, కింద మా గ్రూపులో మెసేజ్.

సుందరరావు మాస్టారు పోయారు.

రెండుసార్లు చదివాను. మొన్న సాయంత్రం కలిసి టీ తాగాం.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నరసాపురంలో నెట్ సెంటర్ పెట్టారు. నాలుగు ముసలి కంప్యూటర్లు.

"బజారుకు మన తరఫున మనిషిని పంపామండి. వాడు కొట్టువాడి దగ్గర మామూలు పుచ్చుకుని, మన ఇంట్లో సంగతులన్నీ చెప్పేసి వస్తున్నాడు. వాణ్ణేమనాలి?"

మనకు సైట్లు తెచ్చి చూపించే బ్రౌజర్ గురించి ఆయన మాట అది. వాణ్ణి ఆయనేమనేవారో ఇక్కడ రాయలేను.

పోయినేడు లేసు అల్లే మరియమ్మ గారు కూతురు కుమారిని తీసుకుని వచ్చారు. నర్సింగ్ సీటు ఫారానికి అదే ఆఖరు రోజు. ఐదింటికి సైట్ మూసేస్తారు. ఆవిడ ఫోన్లో ప్రకటనల మీద ప్రకటనలు. ఫారం కనబడితే ఒట్టు.

"ఇన్ని 'అలౌ'లు ఎవరు నొక్కారమ్మా?"

"నేనేనండి. అంతలా అడుగుతుంటే కాదనడం బాగోదు కదండీ."

"అది మనిషా అమ్మా? దాని దగ్గర మొహమాటమేంటి?"

మా ఊరివాళ్లకు మొహమాటం ఎక్కువ. ఆ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. వద్దు అనే మాటను చీమ తలకాయంత అక్షరాల్లో పెడతారు. బ్రౌజర్ పక్కనే నిలబడి చూస్తుంది. సిగ్గులేని పుట్టుక.

మాస్టారి కంప్యూటర్లో తెరిస్తే సైట్ ఇంకో పాట పాడింది. ఫలానా పెద్ద కంపెనీ బ్రౌజర్, అదీ కొత్తదైతేనే రానిస్తుందట. ఆ కొత్తది ఈ పాత కంప్యూటర్లలో ఎక్కదు.

నాలుగున్నర దాటింది. కుమారి సర్టిఫికెట్ల కవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉంది.

మాస్టారు సెట్టింగుల్లోకి వెళ్లారు. ఏ సైటైనా నువ్వెవరని అడిగితే ఆ పెద్ద కంపెనీ కొత్త బ్రౌజర్‌నని చెప్పేలా తన బ్రౌజర్‌ను మార్చారు. మళ్లీ తెరిచారు.

సైట్ నోరుమూసుకుని దారిచ్చింది. ఫారం ఎక్కడా ఆగలేదు. కొత్త బ్రౌజర్ కావాలన్నదంతా ఉత్త బుకాయింపు.

"దానిచేత అబద్ధమాడించారు కదండీ మాస్టారూ?" అన్నాను.

"ఇన్నాళ్లూ వాళ్ల కోసం ఆడిందండి. ఒక్కరోజు మన కోసం ఆడితే తప్పేంటి?"

బ్రౌజర్ ఎవరి పక్షాన ఉండాలో అని ఇప్పటికీ చర్చలు పెట్టే పెద్దమనుషులున్నారు. ఆ సాయంత్రం వాళ్లు నెట్ సెంటర్లో మా బెంచీ మీద కూర్చోవాల్సింది.

ఈ ఉదయం కాకినాడ నర్సింగ్ కాలేజీ నుంచి మొదటి బస్సుకు కుమారి వచ్చింది. మాస్టారి ఇంటావిడకు కళ్లు తిరిగితే మేమంతా కంగారుపడ్డాం. కూర్చోబెట్టి బీపీ చూసింది కుమారే.

వెళ్లిరండి మాస్టారూ. ప్రభువు మిమ్మల్ని నిమ్మళంగా ఉంచాలి.