మా మామ ఎక్కిన విమానం

ఇయ్యాల బూర్గంపాడుల మా ఇంటి విమానానికి మొదటి ప్రయాణికుడు దొరికిండు. విమానం అంటే నా కంప్యూటర్ల ఆడే ఆటే. కానీ అండ్ల ఉన్న రెండు పంకాల విమానానికి అచ్చం నిజం దానికున్నన్ని మీటర్లు, స్విచ్చులు ఉంటయి. ఇంజన్ స్టార్ట్ చేసుడే పది నిమిషాల పని. నెల రోజుల సంది నడుపుతున్న గానీ ఒక్కసారన్న మెత్తగ దించలేదు.

పెనుబల్లి నుంచి వచ్చిన మా మామ స్టూలు గుంజుకొని పక్కన కూసున్నడు. ముప్పై ఏండ్లు అడవి రూట్ల బస్సు నడిపి రిటైరైన మనిషి. భద్రాచలం మీదుగ పోయి రాజమండ్రిల దించబోయిన. విమానం దబ్బున నేలకు తాకి, రెండుసార్లు ఎగిరి, రన్‌వే పక్కకు పడ్డది.

"ఏంది అల్లుడూ, వెనక జనం ఉన్నరన్న సోయి లేదా?" అన్నడు మామ.

"ఎవ్వరు లేరు మామా, ఇది ఉత్త ఆట."

"లేకుంటే గిట్లనే నడుపుతవా? దూరంల ఉన్నప్పుడే స్పీడు తగ్గించుకో. ఘాట్ దిగినట్టు దిగు."

నాకు రోషం వచ్చింది. అయినా మళ్ల లేపి, ఈసారి రన్‌వే కనబడంగనే పవర్ తగ్గించిన. మామ స్టూలు అంచు గట్టిగ పట్టుకున్నడు. చక్రాలు నేలకు ఆనిన సంగతి మీటర్ చూస్తే గానీ తెల్వలేదు. నేను ఎగిరి గంతేసిన. మామ మాత్రం స్టూలు పక్కకు జరిపి అన్నానికి లేచిండు.

వంటింట్ల మా ఆవిడ అడుగుతుంటే వినబడ్డది: "ఎట్ల నడుపుతుండు నాయినా?"

"చెయ్యి మంచిదే బిడ్డా. కానీ గంత దూరం పోయినా ఒక్కసారి కూడ హారన్ కొట్టలే."

విమానానికి హారన్ యాడుంటదో ఎరికైనోళ్లు జర జల్దీ చెప్పుండ్రి. మామ రేపు కూడ ఎక్కుతడట.