తొమ్మిదో నంబరు చొక్కా

మందుల షాపులో అందరూ ఆమెను నిచ్చెన అంటారు. పై అరలో సీసా కావాలంటే మిగతావాళ్లు స్టూలు వెతుక్కోవాలి, ఆమె చెయ్యి చాపితే చాలు. ఇరవై రెండేళ్ల క్రితం ఆ చెయ్యే కాలేజీకి బాస్కెట్‌బాల్ కప్పు తెచ్చింది. ఇప్పుడు కాలేజీవాళ్లు, ఒకే మ్యాచ్‌లో ముప్పై పాయింట్లు దాటిన పాత ఆటగాళ్ల పేర్లతో బోర్డు పెడుతున్నారు. ఫైనల్లో ఆమెవి ముప్పై ఒకటి.

"మన నిచ్చెన గోడెక్కుతోందర్రోయ్!" అన్నాడు షాపు యజమాని.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఆ ముప్పై ఒకటిలో ఆరు ఆమెవి కావు. ఆట చివర్లో మడమ బెణికి బెంచీ మీద కూలబడింది. బదులుగా దిగాల్సిన అమ్మాయిని జట్టంతా పొట్టి అని పిలిచేది. పొట్టి తొడుక్కున్న చొక్కా అంతకుముందే చంక దగ్గర చిరిగిపోయింది. తువ్వాలు చాటున ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నారు. నిచ్చెన తొమ్మిదో నంబరు తొడుక్కుని పొట్టి మూడు బుట్టలు వేసింది. ఆ ఆరు పాయింట్లూ నిచ్చెన ఖాతాలో పడ్డాయి. తాటిచెట్టంత మనిషి జానెడైపోతే తెలియదా అంటే, స్కోరు రాసే ఆయన పుస్తకంలోంచి తలెత్తితే కదా!

మధ్యాహ్నం పొట్టికి ఫోను చేసింది. పొట్టి ఇప్పుడు కారు నడపడం నేర్పుతోంది.

"ఏమే, ఆ ఆరు పాయింట్లు..."

"ఇరవై రెండేళ్లు పట్టిందటే, గుర్తురావడానికి?"

"చెప్పేస్తే నా పేరు ఎగిరిపోతుంది. నీదీ ఎక్కదు."

"మరైతే నోరు మూసుకో."

"మా అమ్మాయి చూడ్డానికొస్తానంటోందే. అక్కడ నించుని దానికి మ్యాచ్ కథ చెప్పాలా? అందులో నిన్నెక్కడ దాచను?"

అవతల ఎవరో బ్రేకు గట్టిగా తొక్కిన చప్పుడు.

"చెప్పి చావు" అంది పొట్టి. గొంతు మెత్తబడింది.

మర్నాడు కాలేజీ ఆటల మాస్టారు పాత పుస్తకం తెరిచి, అంతా విని, ముప్పై ఒకటి కొట్టేసి ఇరవై ఐదు వేశాడు. జాబితాలో ఆమె పేరు మీదా గీత గీశాడు.

"పెయింటరు ఇంకా మొదలెట్టలేదు లెండమ్మా" అన్నాడు, అదో ఓదార్పన్నట్టు.

"ఆ ఆరూ ఎవరివో కూడా రాయండి."

"ఎందుకమ్మా? బోర్డుకెక్కవు."

"పుస్తకానికెక్కుతాయిగా."

ఆయన కలం తీశాడు. పొట్టి అసలు పేరు బారెడు. మార్జిన్‌లో పట్టక పక్క పేజీలోకి పాకింది. చివరి అక్షరం పడేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.